హైదరాబాదులో కనిపించిన మా బట్టల బండ

"పెద్దమ్మమ్మా, పిల్లల్ని తీసుకుని హైదరాబాదు వెళ్ళారటగా. ఏమేం చూశారు? మ్యూజియం బాగుందా?"

బాగుండటం సంగతి తర్వాత చెబుతా గానీ, ముందు నన్ను కాస్త కుదురుకోనీ. వచ్చి వారం దాటింది. పొద్దున లేవగానే కాఫీ గ్లాసు పట్టుకుంటే ఇప్పటికీ తొణుకుతోంది. మా కోడలు సుజాత బీపీ అంటుంది. బీపీ కాదే, నా తల తిరిగిపోయింది అంతే.

కూర్చో. నందిగామ నుంచి నుంచునే వచ్చావా బస్సులో? ఫోనులో రికార్డు చేస్తున్నావుగా, ఇంకాస్త దగ్గరికి పెట్టుకో, నా గొంతు పెద్దగా రాదు. మీ అమ్మమ్మకి వినిపించు. నా చెల్లెలేగా అది, ఫోను చేసి చెబితే, "నీకన్నీ విచిత్రాలే అక్కా" అని టీవీ పెట్టుకుంది.

అసలు ప్రయాణం ఎందుకు పెట్టారంటే, పిల్లలకి చరిత్ర చూపిద్దామని కాదు. మా రమణ వెనక పెరడు కొట్టించి గోడౌను కట్టిద్దామనుకున్నాడు. ముందు కిరాణా కొట్టు, వెనక ఇల్లు, ఆ వెనక పెరడు, నీకు తెలుసుగా. సరుకు దింపుకోటానికి చోటు చాలటం లేదు. ఆ పెరట్లోనే మా స్నానాలు, గిన్నెలు, బట్టలు, అన్నీ. మేం ఇంట్లో ఉంటే, "ఇవ్వాళ వద్దురా తలంటు ఉంది, రేపు వద్దురా పప్పు ఎండేశాం" అని అడ్డం పడతాం అని వాడి భయం. అందుకని, "అమ్మా, నాలుగు రోజులు హైదరాబాదు వెళ్ళి రండి, సుజాత వాళ్ళక్క ఇంట్లో ఉండండి, వచ్చేసరికి శుభ్రంగా ఉంటుంది" అన్నాడు. మా మీద దుమ్ము పడకుండా చూసుకుంటున్నాడనుకుని మురిసిపోయా. పిచ్చిదాన్ని.

సుజాతా, నేనూ, ఇద్దరు పిల్లలు. పెద్దది లహరి ఆరో క్లాసు, చిన్నది జోషి రెండు. మాకు తోడు శేషగిరి, మా ఆయన పినతల్లి కొడుకు, నాకు మరిది వరస. నువ్వు చిన్నప్పుడు చూసే ఉంటావు, తెల్ల పంచె కట్టుకుని, చంకలో ఎప్పుడూ ఒక ఫైలు. నందిగామ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాడు. భార్య పోయాక రెండు పూటలా భోజనం మా ఇంట్లోనే. మంచివాడే. కాకపోతే నోరు మూత పడదు. మన జగ్గయ్యపేట ఊరవతల బోడు ఉందిగా, బౌద్ధుల కాలం నాటి స్తూపం, దాని మీద పుస్తకం రాస్తున్నాడు. ఎప్పట్నుంచి అనుకున్నావ్? రమణకి మీసం రాకముందు నుంచి. ఆ బోడు రాళ్ళు పాతకాలంలో జనం బండ్ల మీద తోలుకుపోయారట. ఈయన ఎవరి పొలంలో గట్టు తవ్వినా పరిగెత్తుకెళ్తాడు, ఎవరింట్లో మెట్టు పగిలినా వెళ్ళి చూస్తాడు. గరికపాడు చెక్‌పోస్టు దాకా ఆయన చూడని గొడ్ల చావిడి లేదు.

మొదటి రోజు గోల్కొండ, చార్మినార్. గోల్కొండలో గేటు కాడ చప్పట్లు కొడితే పైన కొండ మీద వినపడుతుందని చెప్పాడా, ఇక పిల్లలు చేతులు ఎర్రగా అయ్యేదాకా కొట్టారు. రాజులు, యుద్ధాలు, ఫిరంగులు, ఎవరు ఎవర్ని పొడిచారు, అన్నీ చెప్పుకొచ్చాడు. జోషి ఉన్నట్టుండి, "చిన్నతాతయ్యా, ఇక్కడ బట్టలు ఎక్కడ ఉతికేవాళ్ళు?" అంది. ఆయన నవ్వి, "అట్టాంటివి చరిత్రలో ఉండవమ్మా" అన్నాడు. నేను మెట్ల మీద కూర్చుని మోకాళ్ళు నొక్కుకుంటున్నా. ఏమోనే, నాకూ అదే అడగాలనిపించింది. అంతమంది బట్టలు ఎవరో ఒకరు ఉతికే ఉంటారుగా. రాజుగారు తెల్లటి అంగీ వేసుకుని పొడవబోయాడంటే, అది ముందు రోజు ఎవరో పిండి ఆరేసిందే.

చార్మినార్ కాడ గాజులు కొనుక్కున్నారు పిల్లలు. నా పెళ్ళప్పుడు మా నాన్న డజను ముప్పావలాకి... సరే, వదిలెయ్. అది వేరే కథ.

రెండో రోజు మ్యూజియం. పొద్దున పదిన్నరకల్లా లోపల ఉన్నాం. బొమ్మలు, కత్తులు, గడియారాలు చూసి పిల్లలు ఎగురుతున్నారు. నాకు చల్లగా ఉంది, బాగానే ఉంది. తర్వాత రాళ్ళ గదిలోకి తీసుకెళ్ళాడు శేషగిరి. అది ఆయన గది అనుకో. ఒక్కసారి పూనకం వచ్చినట్టయింది. అన్నీ మన కృష్ణ ఒడ్డు రాళ్ళేనట, పల్నాటి సున్నపురాయి. సగం బొమ్మలకి ముక్కు లేదు, సగానికి చెయ్యి లేదు. ఈయన గొంతు పెంచి చెబుతుంటే ఎవరో నలుగురు కొత్తవాళ్ళు కూడా వచ్చి చుట్టూ నుంచున్నారు.

"మన జగ్గయ్యపేట నుంచి ఇట్టాంటివి ఎన్ని పోయాయో తెలుసా అమ్మా? జనం అజ్ఞానం. ఏది విలువైందో తెలీక ఎత్తుకెళ్ళి గోడల్లో పెట్టుకున్నారు, మెట్లకి వేసుకున్నారు. నేను ఇన్నేళ్ళు తిరిగినా ఒక్కటంటే ఒక్క పూర్తి ఫలకం దొరకలేదు" అని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. పాపం, నిజంగానే కళ్ళల్లో నీళ్ళు.

సరిగ్గా అప్పుడు లహరి అరిచింది.

"నాయనమ్మా! మన బట్టల బండ పువ్వు!"

అందరూ ఇటు తిరిగారు. అది ఒక రాయి ముందు నుంచుని వేలు చూపిస్తోంది. "పిచ్చిపిల్ల" అన్నాడు శేషగిరి ఆ నలుగురితో, నవ్వుతూ. నేను దగ్గరికెళ్ళి చూశా.

ఏం చెప్పమంటావే. రాయి మీద తామర పువ్వు. రెండు వరసల రేకులు, మధ్యలో బుడిపె, బుడిపె మీద చిన్న చిన్న చుక్కలు, చుట్టూ తాడు పేనినట్టు అంచు. నేను మా బండ పువ్వుని కళ్ళతో ఎప్పుడూ చూడలేదు, గుర్తుపెట్టుకో. కానీ నా వేళ్ళకి తెలుసు. మా పెరట్లో బండ లేదూ, తెల్లగా, కాస్త పచ్చ చాయతో, మంచమంత ఉంటుంది? నువ్వు కూడా దాని మీద నుంచుని కాళ్ళు కడుక్కున్నావు. దానికో మూల తూము మీదకి పొడుచుకొచ్చి ఉంటుంది. ఆ మూల కింద పాచి పడితే కొబ్బరి పీచు పెట్టి, చెయ్యి లోపలికి దూర్చి రుద్దాలి. రుద్దేటప్పుడు వేళ్ళకి రేకులు తగిలేవి. నేను కాపరానికొచ్చిన కొత్తలో మా అత్తగారిని అడిగా, "అత్తయ్యా, కింద ఏదో చెక్కి ఉంది" అని. "ఉంటుందిలే, ముందు పని కానియ్" అంది. అంతే. మా మావగారి తండ్రి కట్టించిన ఇల్లు అది. బండ ఎక్కణ్ణుంచి తెచ్చాడో ఆవిడకీ తెలీదు. నేనేమనుకున్నా, అందరిళ్ళల్లో బండలకీ కింద అట్టాగే ఉంటుందనుకున్నా. రోలుకి గాట్లు పెడతారుగా, అట్టా, జారకుండా పట్టు కోసం చెక్కుతారేమో అని! నవ్వకే. నేను ఇంకో ఇంటి బండ కింద చెయ్యి పెట్టి చూశానా?

లహరికెట్టా తెలుసంటావా? అది చిన్నప్పుడు ఆ మూల కిందే ఆడుకునేది. తడి మట్టి ముద్ద చేసి కిందనుంచి అదిమేది. తీస్తే ముద్ద మీద పువ్వు అచ్చు. "బిస్కెట్లు" అని ఎండబెట్టి, జోషికి అమ్మేది చింతగింజలకి. మూడేళ్ళ కింద పెరటి గోడకి ఇవతల పొడుగునా వరసగా పువ్వుల బిస్కెట్లే. శేషగిరి వాటి మీదగా దాటుకుంటూ భోజనానికొచ్చేవాడు.

నేను అక్కడ అడ్డం పెట్టిన తాడు మీదుగా వంగి, కళ్ళు మూసుకుని, రాయిని తడిమా. "అమ్మా, ముట్టుకోకూడదు, ముట్టుకోకూడదు" అని కాపలా అతను పరిగెత్తుకొచ్చాడు. "నాయనా, ఇది నేను యాభై రెండేళ్ళుగా ముట్టుకుంటున్నదే" అన్నా. అతను నాకు మతి చలించిందనుకున్నాడు.

శేషగిరి మొహం అప్పుడు చూడాల్సింది. నవ్వు అట్టాగే ఉంది, రంగు మాత్రం పోయింది. "మధ్యలో చుక్కలు ఉన్నాయా వదినా? ఉన్నాయా? అంచు తాడులాగా ఉందా? రాయి మందం ఎంత?" అని ఒకటే ప్రశ్నలు. నేను వేళ్ళు ఎడం చేసి చూపించా. గోడకి ఆనుకుని నుంచున్నాడు. ఆ నలుగురూ ఇంకా వింటున్నారు.

"ఇన్నేళ్ళు... నాతో ఒక్క మాటన్నా అనలేదేం వదినా?"

నాకు ఒళ్ళు మండింది. "నువ్వెప్పుడన్నా ఆ పెరట్లోకి వచ్చావా శేషగిరీ? ఊళ్ళో గొడ్ల చావిళ్ళన్నీ తిరిగావు. నీ పంచె మడత పెట్టి నీ చేతికిస్తుంటే, ఇది ఏ బండ మీద ఉతికారు వదినా అని ఒక్కసారి అడిగావా? ఆ పువ్వుల మట్టిముద్దలు దాటుకుంటూ వచ్చి విస్తరి ముందు కూర్చునేవాడివి. ఇందాక అజ్ఞానం అన్నావే, అది ఎవరిదో ఈ పెద్దమనుషులకి చెప్పు."

అన్నా గానీ, ఆ మాట నోట్లో ఉండగానే సుజాత నా భుజం పట్టుకుంది. "అత్తయ్యా. పెరడు."

అప్పుడు తట్టింది. పెరడు కొట్టేది ఇవ్వాళే.

ఫోను చేస్తే రమణ ఎత్తడు. ఒకటి, రెండు, అయిదు సార్లు. మిషను మోతలో వినపడట్లేదు వాడికి. పక్కింటి వాళ్ళకి చేస్తే వాళ్ళు పెళ్ళికెళ్ళారు. ఆరోసారి ఎత్తాడు. "ఆ, అమ్మా, మ్యూజియం బాగుందా?"

"ఒరేయ్, పెరట్లో బండ ఉందా?"

"బండా? పొద్దున్నే లేపేశారుగా. ట్రాక్టర్లో పోయింది రాళ్ళతో పాటు. ఎందుకు, కొత్త టైల్సు వేయిస్తున్నాగా?"

నేను నేల మీద కూలబడ్డా. అబద్ధం కాదు. పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. బండ కోసం కాదు పాపం, నన్ను చూసి. శేషగిరి ఫోను లాక్కుని, "ఎక్కడ పోశారు? ఎక్కడ?" అని అరుస్తుంటే గది మొత్తం గోల. నందిగామ రోడ్డులో ఎవరిదో పల్లం స్థలం మెరక చేస్తున్నారు, అక్కడ పోశారట. సాయంత్రానికి రోలరు తిప్పేస్తారట.

ఇంకేముంది, కారెక్కాం. సూర్యాపేటలో ఆగలేదు, కోదాడలో ఆగలేదు. పిల్లలకి బిస్కెట్ పాకెట్టే భోజనం. శేషగిరి డ్రైవరు పక్కన కూర్చుని ఒక్క మాట లేదు. ముప్పయ్యేళ్ళుగా నోరు మూయని మనిషి. గరికపాడు దగ్గర లారీలు ఆగిపోయి ఉన్నాయి. అప్పుడన్నాడు, వెనక్కి తిరక్కుండా: "నేను రోజూ ఆ గోడకి ఇవతలే చెయ్యి కడుక్కునేవాణ్ణి వదినా."

మూడున్నరకి ఆ స్థలం చేరాం. ఇల్లు దాటేసి తిన్నగా అక్కడికే పోయాం. ఇటికలు, పెచ్చులు, మా పెరటి నీలం గోడ ముక్కలు, మా గిన్నెలు తోమే చోటు సిమెంటు, అంతా కుప్పలు కుప్పలు. రోలరు ఒక పక్కనుంచి తొక్కుకుంటూ వస్తోంది. కారు ఆగీ ఆగకముందే శేషగిరి దిగి రోలరుకి అడ్డం వెళ్ళి నుంచున్నాడు. "తాతా, తప్పుకో!" అని రోలరు తోలేవాడు తిడుతున్నాడు. ఈయన పంచె ఎగ్గట్టి, కుప్ప మీదకి పాకి, చేతుల్తో పెచ్చులు లాగుతున్నాడు. గోళ్ళు చిట్లి నెత్తురు. ఆయన్ని అట్టా నేనెప్పుడూ చూడలా. నాకు ఇందాకటి కోపం ఎటుపోయిందో పోయింది. నేనూ ఎక్కా. సుజాతా ఎక్కింది. లహరి తెల్లగా కనపడిన ప్రతి రాయి కిందా చెయ్యి పెట్టి తడుముతోంది. ఎక్కడా పువ్వు లేదు. తెల్లటి ముక్క ఒకటి చేతికొచ్చింది నాకు, అరచెయ్యంత, పగిలింది. తిప్పి చూస్తే గుమ్మం తాలూకు పాలరాయి.

ట్రాక్టరు అబ్బాయి బీడీ కాలుస్తూ కాసేపు వినోదం చూశాడు. చూసి, చూసి, "మీరు వెతికేది ఆ పెద్ద తెల్ల బండనా? అది ఈడ పొయ్యలేదండి. సైదమ్మగారి ఇంటికాడ దించినా" అన్నాడు.

సైదమ్మ తెలుసుగా నీకు? ముప్పయ్యేళ్ళ నుంచి మా ఇంట్లో బట్టలు, గిన్నెలు. నా నడుం పడిపోయినప్పట్నుంచీ ఉతుకు మొత్తం ఆవిడదే. పొద్దున పనికొచ్చి, బండ పోతుంటే చూసి, "బాబుగారూ, నాకియ్యండి, ఇంటికాడ వేసుకుంటా" అందట. "తీసుకుపో" అన్నాడట మావాడు మిషను మోతలో, ఏం అడిగిందో సరిగ్గా వినకుండానే. అదీ సంగతి. చరిత్ర పండితుడు చూడలేదు, ఇంటి యజమాని చూడలేదు, నేను నాలుగు రోజులు పోతూ పోతూ దాని మాటే తలవలేదు. కావాలన్నది ఆ ఒక్క మనిషి.

కాలనీలో ఆవిడ ఇంటికెళ్ళేసరికి గుమ్మం ముందు కూర్చుని ఉంది. బండ గోడ పక్కన పడుకోబెట్టి ఉంది, దాని మీద పాత చీర కప్పి ఉంది. ఆవిడ దాచుకునే చీర, గళ్ళది, నేను దసరాకి పెట్టింది. మమ్మల్ని చూడగానే లేచి, "నేను దొంగతనంగా తేలేదమ్మగారూ, అడిగే తెచ్చుకున్నా" అంది.

"ఎందుకు కప్పావు సైదమ్మా?"

"దించేటప్పుడు జారి వెల్లకిలా పడిందమ్మగారూ. చూసి కేక పెట్టా. మీరే చూడండి."

చీర తీసింది.

అమ్మలూ, నేనిప్పటిదాకా పువ్వు, పువ్వు అంటున్నా చూడు. పువ్వు ఒక మూలనే. మిగతా బండ నిండా ఒక ఆడమనిషి. నిలువెత్తు. తలారా స్నానం చేసి, మెడ పక్కకి వంచి, రెండు చేతుల్తో జుట్టు పిండుకుంటోంది. జుట్టు చివర నీటి చుక్కలు, కింద కొంగ నోరు తెరిచి ఆ చుక్కలు తాగుతోంది. చెవులకి పెద్ద కమ్మలు. మొహం... ముక్కు, పెదవులు, కళ్ళు, ఒక్క గీత చెదరలేదు. మ్యూజియంలో ముక్కున్న బొమ్మని వేళ్ళ మీద లెక్కపెట్టాలి. ఈవిడ ఇప్పుడే నీళ్ళు పోసుకుని వచ్చినట్టుంది.

"నేను దీని మీద ఉతకలేనమ్మగారూ" అంది సైదమ్మ. "ముప్పయ్యేళ్ళు బాదా. కింద ఒక మనిషి ఉందని తెలిస్తే బాదేదాన్నా? నీళ్ళు పోసి, చింతపండు పెట్టి కడిగా. దిస్టి తగులుతుందని చీర కప్పా." అంటూనే కొంగు నోట్లో కుక్కుకుంది.

శేషగిరి మట్టిలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చెయ్యి చాపాడు గానీ ముట్టుకోలా. నా వైపు చూశాడు, సైదమ్మ వైపు చూశాడు. "ముట్టుకోవచ్చా?" అని అడిగాడు. నన్ను కాదు, సైదమ్మని. ఆవిడ నన్ను చూసింది. నేను తలూపా.

మర్నాడు శేషగిరి చెబితే పురావస్తు శాఖ ఆఫీసు వాళ్ళొచ్చారు, కొలతలు తీసుకున్నారు, బండ ప్రభుత్వానిదని చెప్పారు. సోమవారం లారీ వస్తుంది. కాయితం మీద ఎవరు కనిపెట్టారని అడిగారు. శేషగిరి కలం తీసుకుని, ఇంతసేపు ఆలోచించి, లహరి పేరూ సైదమ్మ పేరూ రాశాడు. ఫైలు ఇంటి దగ్గరే వదిలేసి వచ్చాడు ఆ రోజు. రమణ సైదమ్మకి నాపరాయి బండ కొత్తది వేయించాడు. అది వాడి బుద్ధి కాదులే, నేను చెబితేనే.

అంతా మంచే జరిగిందంటావా? అదే అంటున్నారు అందరూ. శేషగిరి కూడా అన్నాడు: "బోర్లా వెయ్యబట్టి బతికిపోయింది వదినా. పైకి ఉండి ఉంటే ఈపాటికి అరిగిపోయేది." నిజమే కావచ్చు, చదువుకున్నవాడు. కానీ నేను అప్పట్నుంచీ అదే ఆలోచిస్తున్నా. అరక్కుండా ఉన్నందుకు సంతోషించాలా? అన్నేళ్ళు మొహం నేలకేసుకుని పడి ఉన్నందుకు ఏడవాలా? నేను పైన నుంచుని తలంటుకున్నా. నా జుట్టూ అట్టాగే పిండుకున్నా, మెడ అట్టాగే వంచి. రమణ పుట్టినప్పుడు పురిటి స్నానం దాని మీదే. అత్తగారు తిట్టిన రోజుల్లో ఎవరికీ కనపడకుండా ఏడవటానికి కూర్చుంది దాని మీదే. నాకు కింద జానెడు దూరంలో ఇంకో ఆడది. ఇద్దరం ఒకరికొకరం తెలీకుండా...

వస్తావా చూద్దువుగాని, సైదమ్మ ఇల్లు దగ్గరే. సోమవారం లోపలయితే చీర తీసి చూపిస్తుంది. వెళ్ళు, ముందు మొహం కడుక్కో. నీ మొహం ఎప్పుడూ ఇట్టాగే పైకెత్తుకుని ఉండు తల్లీ. నలుగురూ చూడనీ, ఏమన్నా అననీ, నువ్వు మాత్రం నేలకేసి దించకు.